మూర్‌ఓవర్‌తో వరద కథ చెప్పలేం

కర్నూల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూలకు ముందు పిల్లలకు పంచే కాగితం ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. రెండు వైపులా అచ్చు, పైగా లామినేషన్. పైన పెద్దక్షరాల్లో లింకర్స్ అని, అంటే వాక్యాలను కలిపే మాటలని, కింద వరసగా మూర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, నెవర్‌దిలెస్, కాన్సిక్వెంట్లీ, ఇన్ అడిషన్ టు దట్. మాట్లాడేటప్పుడు వీటిల్లో కొన్నయినా పడాలట, పడితే ప్రొఫెషనల్‌గా ఉంటుందట. అండ్, బట్, సో మాత్రం ఈ వరసలో లేవు. అడుగున ఒక చిన్న డబ్బాలో 'అవాయిడ్' అనే మాట కింద మూడింటినీ కలిపి పెట్టారు, అండ్‌తో గానీ బట్‌తో గానీ వాక్యం మొదలుపెట్టరాదన్న హెచ్చరికతో సహా.

నా మాట ముందే చెప్పేస్తా. తనకు జరిగిన సంగతిని ఇంగ్లీషులో చెప్పడానికి మన పిల్లలకు కావాల్సిన కలిపే మాటలు ఐదే. అండ్, బట్, సో, బికాజ్, వెన్. దెన్‌ను కూడా చేర్చమంటే చేరుస్తా, గొడవ లేదు. ఈ ఐదూ ఐదో క్లాసుకే అందరికీ వచ్చేస్తాయి కాబట్టి తర్వాత ఎవరూ నేర్పరు. ఏది ఎక్కడ పడితే వినేవాడికి ఏం తోస్తుందో, దేని తర్వాత 'ఐ' మళ్లీ అనాలో, దేని తర్వాత అనక్కర్లేదో ఎవరూ చెప్పకుండానే బీటెక్ అయిపోతుంది. ఆ లోటును మూర్‌ఓవర్‌తో పూడ్చమంటున్నాం. సంగటి ముద్ద మీద చెర్రీపండు పెట్టినట్టు.

పోనీ ఇంటర్వ్యూలో అడిగేదేమన్నా తాత్విక చర్చా? కష్టమొచ్చినప్పుడు ఏం చేశావు, టీములో గొడవైతే ఎట్లా సర్దావు, ఎప్పుడన్నా ఫెయిలయ్యావా. అన్నీ 'నేను', అన్నీ జరిగిపోయిన కాలం. హెచ్చార్ వాళ్లు అడిగేది కథ. మనవాళ్లు చదివి వచ్చేది వ్యాసం.

వరద కథ, రెండు రకాలుగా

మా చిన్నమ్మ వాళ్లు 2009లో కర్నూలు పాతబస్తీలో ఉండేవాళ్లు, హంద్రీకి దగ్గర్లో. ఆ అక్టోబరు రెండో తారీఖు గురించి కర్నూలు వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిందేం లేదు, ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది. చిన్నమ్మ కథ మా బంధువులందరం ఎన్నిసార్లు విన్నామో, అయినా పెళ్లిళ్లలో ఎవరో ఒకరు మళ్లీ చెప్పించుకుంటారు. ఇట్లా మొదలవుతుంది:

"అన్నం తిని, గిన్నెలు తోమి, వాకిలేసుకొని, కాసేపు నడుం వాల్చింటిమి. ఎవరో తలుపు దబదబా బాదిరి. లేస్తి. కాలు కింద పెడితి. సల్లగా తగిలె. పాప రెక్క పట్టుకుంటి, బియ్యం మూట నెత్తిన పెట్టుకుంటి, మెట్లెక్కితి."

ఆ పాప ఇప్పుడు బీటెక్ ఫైనలియర్ దాటింది, ఉద్యోగాల వేటలో ఉంది. నాకు చెల్లెలు వరస. మాక్ ఇంటర్వ్యూ చేయన్నా అని కూర్చుంది. జీవితంలో ఎదుర్కొన్న కష్టం ఒకటి చెప్పమన్నా. వరద సంగతే ఎత్తుకుంది, మంచి ఎంపిక అనుకున్నా. చెప్పింది ఇది:

"ఇన్ 2009 ఫ్లడ్ కేమ్ టు కర్నూల్. మూర్‌ఓవర్, ఐ వాజ్ ఎ చైల్డ్. దేర్‌ఫోర్, వుయ్ వెంట్ టు ద టెర్రస్. ఫర్దర్‌మోర్, దేర్ వాజ్ నో డ్రింకింగ్ వాటర్."

వ్యాకరణంలో పెద్ద తప్పేం లేదు. టెన్షన్ వల్ల అంటారా, కాదు, ఎదురుగా ఉంది నేనే, చేతిలో టీ గ్లాసుంది. ఐనా ఆ నాలుగు వాక్యాలూ ఒకదానికొకటి పరిచయం లేనట్టు నిలబడ్డాయి. మూర్‌ఓవర్ ఐ వాజ్ ఎ చైల్డ్ అంటే ఏమిటి, వరదకు తోడు నేను చిన్నపిల్లను కూడా అని ఎవరి మీద ఫిర్యాదు? ఇదే పిల్ల తెలుగులో చెప్తే వాళ్లమ్మకు ఏమాత్రం తీసిపోదు. గొంతు మార్చి, చేతులు తిప్పి, ఆపాల్సిన చోట ఆపి చెప్తుంది. కథ చెప్పే తెలివి ఎక్కడికీ పోలేదు, భాష మారగానే దాన్ని గుమ్మం బయట పెట్టి రావాలని ఎవరో నేర్పారు, అంతే.

చిన్నమ్మ మాటలు ఇంకోసారి చూడండి. మొదట తిని, తోమి, వేసుకొని అంటూ అసమాపక క్రియలు గొలుసుగా వచ్చాయి. రోజూ చేసే పనులు కాబట్టి ఒక్క ఊపులో దాటేసింది. తలుపు చప్పుడైన దగ్గర్నుంచి గొలుసు తెగింది. లేస్తి, పెడితి, పట్టుకుంటి, ఎక్కితి. ఒక్కో పనికి ఒక్కో పూర్తి క్రియ, మధ్యలో కలిపే మాటే లేదు. సీమలో ఈ 'తి'ని వాడని పల్లె ఉండదు, కానీ ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు తగల్లేదు, మోటు అని పక్కన పెట్టేశారనుకుంటా. తెలుగువాడు 'చేసి, పోయి, వచ్చి' అని మాత్రమే అల్లుతాడనీ, ఇంగ్లీషువాడు 'ఐ డిడ్, ఐ వెంట్' అని విడివిడిగా పేరుస్తాడనీ చెప్పే పాఠాలు విన్నప్పుడల్లా నాకు చిన్నమ్మే గుర్తొస్తుంది. రెండు పద్ధతులూ ఆమె దగ్గరున్నాయి. ఎప్పుడు ఏది తీయాలో కూడా తెలుసు.

ఆ మొదటి పద్ధతి కూడా సీమకు కొత్తది కాదు. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరణలో చేరిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, చూడండి, కడప జిల్లావి బ్రౌన్ గ్రంథాలయం వాళ్లు అచ్చేశారు. ఫలానా రాజు వచ్చి, అడవి కొట్టించి, ఊరు కట్టించి, గుడి నిలిపి, మాన్యాలిచ్చి అంటూ వాక్యం సాగుతూనే ఉంటుంది, ముగింపు కోసం పేజీలో కిందిదాకా వెతుక్కోవాలి. ఇన్ని పనులను ఒక్క వాక్యంలో ఊపిరాడేట్టు కట్టగలిగిన వాళ్లకు అండ్ అంటే భయమెందుకుండాలి?

'ఐ' ఎప్పుడు మానేయొచ్చు

మన పిల్లల ఇంగ్లీషు కథల్లో చెవికి కొట్టొచ్చే సంగతి ఏమిటంటే, ఐ, ఐ, ఐ. ఐ వెంట్ టు ద ఆఫీస్. ఐ మెట్ ద క్లర్క్. ఐ గేవ్ ద ఫామ్. అహంకారం అనుకునేరు, అది కాదు. తెలుగులో పోతి అంటే అందులోనే నేనున్నాను, పోతిమి అంటే మేమున్నాం, క్రియే మనిషిని మోస్తుంది. ఇంగ్లీషు వెంట్‌లో ఎవరూ లేరు. కాబట్టి ఫుల్‌స్టాప్ పెట్టిన ప్రతిసారీ మళ్లీ 'ఐ'ని పిలుచుకురావాలి.

ఆ చాకిరీ నుంచి తప్పించేది అండ్. ఐ వెంట్ టు ద ఆఫీస్, మెట్ ద క్లర్క్ అండ్ గేవ్ హిమ్ ద ఫామ్. ఒక్క 'ఐ'తో మూడు పనులు దాటిపోయాయి. మన 'ఆఫీసుకు పోయి, క్లర్కును కలిసి, ఫారం ఇచ్చినా'కు ఇంగ్లీషులో ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. బట్ కూడా ఇదే సాయం చేస్తుంది, ఐ కాల్డ్ హిమ్ బట్ గాట్ నో ఆన్సర్. సో దగ్గరికొస్తే ఈ సదుపాయం లేదు, ఐ వాజ్ టైర్డ్ సో ఐ స్లెప్ట్ అని 'ఐ'ని మళ్లీ అనాల్సిందే (ఫోన్లో మెసేజీలు కొట్టేవాళ్లు మింగేస్తారు, అది వేరే లెక్క). బికాజ్ తర్వాత అయితే మెసేజీల్లో కూడా మింగరు. మనవాళ్లలో ఎంతమందికి ఈ తేడా ఎవరైనా నోరు తెరిచి చెప్పారు? రెండు నిమిషాల పాఠం. పిల్లల మాట సగం నున్నగా అయ్యేది ఇక్కడే.

అండ్ దగ్గర మనవాళ్లు జారే చోటు ఒకటుంది. పోయి, కలిసి అన్నప్పుడు ఆ క్రియల్లో కాలం ఉండదు, చివరి ఇచ్చినా ఒక్కటే అన్నిటికీ కాలం చెప్తుంది. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వస్తుంది. 'ఐ గో టు ద కలెక్టరేట్ అండ్ గేవ్ ద అప్లికేషన్' అంటాడు పిల్లోడు. మాస్టారు టెన్స్ రాలేదని తిట్టి మళ్లీ పన్నెండు టెన్సుల పట్టిక రాయిస్తాడు. టెన్స్ వాడికి వచ్చు, గేవ్ అన్నాడు కదా. ఇంగ్లీషులో గొలుసులో ప్రతి క్రియా తన కాలం తనే మోసుకోవాలి, ఆఖరివాడి మీద వదిలేయడానికి లేదు అన్న ఒక్క మాట చెప్తే వాడికి పట్టిక అక్కర్లేదు.

ఇంకో చోట కూడా జారతారు గానీ అది అటు నుంచి ఇటు. మనిషి మారితే తెలుగు క్రియ రూపం మారుతుంది. 'అమ్మ అరిచి నేను పరిగెత్తినా' అనం, అమ్మ అరిస్తే పరిగెత్తినా అంటాం. వాన కురిసి చెరువు నిండింది అనే రకం వాక్యాల్లో మాత్రం కర్త మారినా చెల్లుతుంది, మొదటిది రెండోదానికి కారణం కాబట్టి. ఇంగ్లీషు అండ్‌కు ఈ పట్టింపులేం లేవు, మై మదర్ షౌటెడ్ అండ్ ఐ ర్యాన్. ఎవరు మారినా అదే అండ్. ఈ సులువును చూసి మనవాళ్లకు నమ్మకం కుదరదు. ఇంత తేలిగ్గా ఉందంటే ఏదో తప్పయ్యే ఉంటుందని నెవర్‌దిలెస్ కోసం తడుముకుంటారు.

అండ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదన్న నియమం సంగతి కూడా చెప్పాలి. అది బడిలో పుట్టిన నియమం, భాషలో లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొదటి అధ్యాయం తెరిస్తే ఒక వచనం తర్వాత ఒక వచనం అండ్‌తోనే మొదలవుతుంది. వెలుగు కలిగే వచనంలో రెండు అండ్‌లున్నాయి, అండ్ గాడ్ సెడ్, అండ్ దేర్ వాజ్ లైట్. మన చర్చీల్లో చదివే తెలుగులో అది 'వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను'. రెండు అండ్‌లూ పోయి ఒక్క గా వచ్చింది. ఎవరి భాషలో వాళ్లు దర్జాగానే చెప్పుకున్నారు, ఫర్దర్‌మోర్ అవసరం ఎవరికీ పడలేదు.

ముందు ఏది, వెనక ఏది

తెలిసినతను ఒకాయన ఒక ఆఫీసులో పని చేస్తాడు, పేరూ ఊరూ వద్దు. సెలవు చీటీ ఇవ్వకుండా రెండు రోజులు రాలేదని మెమో ఇచ్చారు. ఇంగ్లీషులోనే జవాబివ్వాలి. ఆయన రాసింది, 'ఐ వెంట్ టు కడప అండ్ మై మదర్ ఫెల్ ఇల్'. ఆయన మనసులో ఉన్నది అమ్మకు బాగలేక కడపకు పోయినానని. పై అధికారి చదివింది మాత్రం ఈయన కడపకు పోయాడు, పోయిన తర్వాత అమ్మకు జబ్బు చేసింది అని. 'అయితే మొదలు ఎందుకు పోయినావయ్యా' అని రెండో మెమో. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం నిర్దోషి. ఆయనా నిర్దోషే. ఇద్దరినీ కలిపి ఇరికించింది ఆ వరస.

అండ్ అంటే ఉత్త కూడిక గుర్తు అని లెక్కల మాస్టర్లు అంటారు, అటుదిటు చేసినా ఫలితం ఒకటే అని. మాట్లాడే మనుషులు అట్లా వినరు. ఐ ఫెల్ అండ్ బ్రోక్ మై ఆర్మ్ అంటే పడటం వల్ల చేయి విరిగింది. తిప్పి చెప్తే చేయి విరిగాక పడ్డాడు. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో దీని మీద చెప్పిన మాట నాకు నచ్చుతుంది. అండ్‌కు 'తర్వాత' అనే అర్థం లేదు, చెప్పేవాడు వరసగా చెప్తాడని వినేవాడు నమ్ముతాడు, ఆ నమ్మకంలోంచి 'తర్వాత' పుడుతుంది. మెమో ఆయన తెలియక ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు.

అదే 1967లో అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్, ఆయనతో జాషువా వాలెట్స్కీ, మామూలు జనం తమకు జరిగినవి నోటితో చెప్పుకునే కథల మీద ఒక వ్యాసం రాశారు. వాళ్ల లెక్కలో కథ అంటే, జరిగిన వరసలోనే నిలబడ్డ భూతకాలపు వాక్యాలు, కనీసం రెండు, వాటి స్థానం మారిస్తే జరిగిందే మారిపోవాలి. లబోవ్ జనాన్ని అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఇక చచ్చిపోతానేమో అనిపించిన సందర్భం మీకెప్పుడన్నా వచ్చిందా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మనిషి ఎదుటివాడు యూనివర్సిటీ నుంచి వచ్చాడన్నది మరిచిపోయి తన సహజమైన భాషలోకి దిగుతాడని ఆయన నమ్మకం. అట్లా చెప్పిన కథల్లో కథను ముందుకు నడిపే వాక్యాల కట్టుబడి చాలా సాదాగా ఉంటుందని 1972లో మళ్లీ రాశాడు. మొదట్లో వచ్చే కలిపే మాటలుగా ఆయన చూపినవి సో, అండ్, బట్, దెన్. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చావు అంచుదాకా పోయొచ్చిన సంగతి చెప్పడానికి ఇవి సరిపోయినప్పుడు, మన పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి చెప్పడానికి సరిపోవా?

బికాజ్ తెచ్చే తంటా

తెలుగులో కారణం ముందు, ఫలితం వెనక. బస్సు చెడిపోయింది, అందుకే లేటయింది. బికాజ్ దీన్ని తిప్పేస్తుంది, ఐ కేమ్ లేట్ బికాజ్ ద బస్ బ్రోక్ డౌన్. తప్పు ముందు ఒప్పుకొని, సాకు తర్వాత చెప్పాలి. మన నోటికి అది ఎదురు తిరుగుతుంది, అందుకే 'బికాజ్ ద బస్ బ్రోక్ డౌన్, సో ఐ కేమ్ లేట్' అని రెండు కొసలూ కట్టేస్తాం. 'ఆల్దో ఐ ట్రైడ్, బట్ ఐ ఫెయిల్డ్' కూడా ఆ బాపతే. అర్థం కాకపోవడమంటూ ఉండదు, నేనైతే దానికి మార్కులు కొయ్యను. సలహా అడిగితే మాత్రం, కథ చెప్పేటప్పుడు బికాజ్ కంటే సోను నమ్ముకోమంటా. ద బస్ బ్రోక్ డౌన్, సో ఐ వాక్డ్. కారణం, ఫలితం, మన వరసే. పైగా సో తర్వాత వచ్చే పని నువ్వు ఆలోచించి చేసినట్టు వినిపిస్తుంది, ఇంటర్వ్యూలో వాళ్లు వెతికేది దాన్నే.

వెన్ సంగతి ఇంకా తమాషా. వ్యాకరణ పుస్తకాల్లో వెన్‌తో మొదలయ్యేది ఉపవాక్యం, అసలు సంగతి ప్రధాన వాక్యంలో ఉంటుంది అని చదువుకున్నాం. ఐ వాజ్ స్లీపింగ్ వెన్ ద వాటర్ కేమ్ ఇన్. ఇందులో అసలు సంగతి ఏది? నేను నిద్రపోవడమా? ఇల్లు మునిగిన సంగతి 'ఉప' అట. లాటిన్ వ్యాకరణం రాసినవాళ్లు వాళ్ల భాషలో ఇట్లాంటి తిరగేసిన 'ఎప్పుడు' వాక్యానికి ఒక పేరే పెట్టుకున్నారు. మనకు ఇది కొత్తేం కాదు, 'పండుకొనుంటే నీళ్లొచ్చె' అని చిన్నమ్మ కూడా అంటుంది. తేడా ఒక్కటే. మనం ఆ 'ఉంటే'ను నిద్రకు తగిలిస్తాం, వాళ్లు వెన్‌ను నీళ్లకు తగిలిస్తారు. ఇది పట్టుబడితే చాలు, కథ మొదటి వాక్యానికే వినేవాడు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

చెల్లెలితో కూర్చొని ఈ ఐదింటితోనే మళ్లీ చెప్పించా. పెద్ద కసరత్తేం కాలేదు. 'ఐ వాజ్ స్లీపింగ్ వెన్ ద వాటర్ కేమ్ ఇన్. మై మదర్ గ్రాబ్డ్ మై హ్యాండ్ అండ్ ర్యాన్ అప్‌స్టేర్స్. వుయ్ హ్యాడ్ రైస్ బట్ నో డ్రింకింగ్ వాటర్, సో వుయ్ యూజ్డ్ ద నైబర్స్ ట్యాంక్.' చెప్పాక తనే అనింది, 'ఇంత సులభంగా ఉంటే చిన్నపిల్లల ఇంగ్లీషు అనుకోరా అన్నా?'

ఆ కాగితం ఇచ్చిన సార్ మాట

ఆ అనుమానం కొట్టిపారేసేది కాదు. కాగితం తయారు చేసిన ట్రైనర్‌ను కూడా కలిసి మాట్లాడా, కుర్రాడు, మంచివాడు, పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ తిరుగుతాడు. ఆయన వాదన ఇది. 'సార్, మీరు చెప్పేది నిజమే గానీ నాకున్నది కొద్ది క్లాసులు. పల్లెల నుంచి వచ్చే పిల్లలు నోరే తెరవరు. లిస్టు ఇస్తే బట్టీ పట్టయినా ఒక మాటతో మొదలుపెడతారు. మూర్‌ఓవర్ అనేలోపు తర్వాతి వాక్యం గుర్తొస్తుంది. అండ్ అండ్ అండ్ అని సాగదీస్తే హెచ్చార్ వాళ్లు నవ్వుతారు.'

ఇందులో రెండు ముక్కలు నేను ఒప్పుకున్నా. మూర్‌ఓవర్ ఆలోచించుకోవడానికి కాస్త సందు ఇస్తుందన్నది నిజం, మనం తెలుగులో 'అంటే... ఏందంటే...' అని అందుకే అంటాం. అండ్‌ను అతిగా సాగదీస్తే విసుగన్నదీ నిజమే, ఇంగ్లీషు దేశాల్లో కూడా చిన్నపిల్లలు అండ్ దెన్, అండ్ దెన్ అని రాస్తే టీచర్లు దిద్దుతారు. కానీ దానికి మందు ఫర్దర్‌మోర్ కాదు కదా. మూడు అండ్‌ల తర్వాత ఒక బట్ రావాలి, కథ మలుపు తిరగాలి. బట్ లేని కష్టం ఏం కష్టం? పిల్లల జవాబుల్లో నేను మొదట వెతికేది బట్‌నే. అది లేదంటే వాడు ఇంకా కథలోకి దిగలేదని లెక్క, బయోడేటానే చదువుతున్నాడు.

పరీక్షల సంగతి అంటారా, ట్రైనర్ కూడా విదేశాలకు పోయేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ పేరెత్తాడు, అందులో లింకర్లకు మార్కులుంటాయని. ఉంటాయి. రాతలో నాలుగు అంశాల్లో ఒకటి పొందిక గురించే. అయితే ఆ మార్కుల వివరణ చదివితే, ఆరో బ్యాండ్ (తొమ్మిదికి ఆరు) దగ్గరే కలిపే మాటలు యాంత్రికంగా ఉండొచ్చని లోపంగా రాసి ఉంది. స్పీకింగ్‌లో ఐదో బ్యాండ్ వాడి లక్షణాల్లో ఒకటి, కొన్ని కలిపే మాటలను అతిగా వాడటం. ఆ స్పీకింగ్ రెండో భాగంలో కార్డు ఇచ్చి, 1 నిమిషం ఆలోచించుకోనిచ్చి, 1 నుంచి 2 నిమిషాలు మాట్లాడమంటారు, నీకు జరిగిన ఒక సందర్భం చెప్పు అనే కార్డులు అందులో మామూలే. అంటే మళ్లీ చిన్నమ్మ కథే. 1999లో వచ్చిన లాంగ్‌మన్ వ్యాకరణం మాట్లాడే ఇంగ్లీషునూ రాసే ఇంగ్లీషునూ పెద్ద ఎత్తున పోగేసి పోల్చింది. హౌఎవర్, దేర్‌ఫోర్, దస్ లాంటివి పరిశోధన వ్యాసాల సరుకని, సంభాషణలో సో, దెన్, దో, ఎనీవే నడుస్తాయని అందులో తేలింది. రాతకు పనికొచ్చే లిస్టును నోటికి ఇచ్చామన్నమాట. రాతకు ఆ లిస్టు ఉంచండి, నాకేం అభ్యంతరం లేదు. పైన 'మాట్లాడటానికి' అని అచ్చేసిన ఆ ఒక్క మాట తీసేయమన్నా. చూస్తానన్నాడు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకోటుంది, దానికి ట్రైనర్ దగ్గర గానీ నా దగ్గర గానీ సూటి జవాబు లేదు. నేను చెప్పే ఈ సాదా ఇంగ్లీషు మంచి ఉచ్చారణతో, తొణక్కుండా వస్తే సహజంగా ఉందంటారు. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లోడు మన యాసతో అదే చెప్తే, అబ్బే బేసిక్ ఇంగ్లీషు అంటారేమో. మూర్‌ఓవర్ వాడికి ఒక కోటు లాంటిది, లోపల ఏముందో కనపడనివ్వదు. వాడిని కోటు విప్పమనే ముందు గదిలో ఎవరెవరున్నారో చూసుకోవాలి. అయినా నేను విప్పమనే అంటా, ఎందుకంటే రెండో ప్రశ్నకు ఎట్లాగూ ఆ కోటు జారిపోతుంది. బట్టీ పట్టిన జవాబు అయిపోయాక 'అప్పుడు నువ్వేం చేశావు' అని అడిగితే లిస్టులో దానికి మాటల్లేవు.

మేము, నేను

ట్రైనర్లు చెప్పే ఇంకో నియమం, వుయ్ అనకండి, ఐ అనండి, మీరేం చేశారో కనపడాలి అని. అది మంచి సలహానే. చిక్కల్లా పిల్లలు దాన్ని అక్షరాలా తీసుకోవడంలో ఉంది. చెల్లెలు తర్వాతిసారి వచ్చినప్పుడు వరద కథలో 'ఐ షిఫ్టెడ్ ద ఫ్యామిలీ టు ద టెర్రస్' అని చేరింది. ఏడేళ్ల పిల్ల సంసారాన్ని డాబా మీదికి మార్చిందట. అడిగితే నవ్వింది, లీడర్‌షిప్ కనపడాలన్నారు అంది.

మరి నిజంగా నువ్వేం చేశావమ్మా ఆ రోజు అని తెలుగులో అడిగా. కాసేపు ఆలోచించి చెప్పింది. డాబా మీద నుంచి మెట్ల దగ్గరికి పోయి, ఇంకా మునగని మెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి వచ్చి అమ్మకు చెప్పడం తన పని. అమ్మ పొమ్మన్నప్పుడల్లా పోయేదట. ఇంతకాలం పెళ్లిళ్లలో విన్న కథలో ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు, అది చిన్నమ్మ కథ, ఇది పిల్ల కథ.

'ఐ కౌంటెడ్ ద స్టెప్స్ అండ్ టోల్డ్ మై మదర్.' ఒక ఐ, ఒక అండ్, రెండు భూతకాలాలు. ఇందులో లీడర్‌షిప్ ఎక్కడుంది అని ట్రైనర్ అడిగాడు, ఆయన ప్రశ్న న్యాయమైందే. నా లెక్క వేరు. సంసారాన్ని డాబా ఎక్కించానని చెప్తే ప్యానెల్లో వాళ్లు తలూపి తర్వాతి ప్రశ్నకు పోతారు. మెట్లు లెక్కపెట్టానంటే ఎవరో ఒకరు 'చివరికి ఎన్ని మిగిలాయి' అని అడగకుండా ఉండలేరు. ఆ ప్రశ్న వచ్చిందంటే ఇంటర్వ్యూ ఆమె చేతిలోకి వచ్చినట్టే, ఆ మెట్ల గురించి ఆమెకు తెలిసినంత ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.